కనిపించే ల

నా చిన్నప్పుడు మా కాలనీలో అందరి గొంతూ పెద్దదే. బొగ్గు బాయిలో మిషన్ల చప్పుడు మధ్య రోజంతా అరిచి పనిచేసి వచ్చిన మగవాళ్లు, ఇంటికొచ్చాక కూడా పక్క గదిలో ఉన్న మనిషిని ఎక్కడో దూరాన ఉన్నట్టు పిలిచేవాళ్లు. వాళ్లకు వినపడాలని ఆడవాళ్లూ అలాగే మాట్లాడేవాళ్లు. కుళాయి దగ్గర నలుగురు చేరి కూర గురించి చెప్పుకుంటున్నా, కొత్తవాళ్లు చూస్తే తగాదా పడుతున్నారనుకునేవాళ్లు. అలాంటి చోట నాది చిన్న గొంతు. నేను చెప్పింది మొదటిసారి ఎవరికీ వినపడేది కాదు. మళ్లీ అడిగితే ఇంకా చిన్నగా వచ్చేది. "నోట్లె ముత్యాలేమన్న ఉన్నయా, రాలుతయని భయమా" అని మా అమ్మ విసుక్కునేది. ఆ విసుగులో కోపం కంటే అలసటే ఎక్కువ. మా నాన్నకు వారానికో షిఫ్టు మారేది. దాంతోపాటు అమ్మ నిద్ర కూడా మారేది.

సెంటినరీ కాలనీలో మా క్వార్టరూ పక్క క్వార్టరూ ఒకే గోడకు ఆనుకుని ఉండేవి. పక్కింట్లో ఒక కాక, చిన్నమ్మ, వాళ్ల ఒక్కతే కూతురు ఉండేవాళ్లు. ఆ కూతుర్నే నేను అక్కా అని పిలిచేదాన్ని. కాక చాలా ఏళ్లు బాయిలో డ్రిల్లు మిషను పట్టాడు. మందు పెట్టి పేల్చడానికి బొగ్గులో రంధ్రాలు చేసే ఆ మిషను, ఆయన చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసిందట. నాకు ఊహ తెలిసేసరికే ఆయన్ని బాయి పైన పనికి మార్చారు. అప్పటికి ఆయనకు ఏమీ వినపడేది కాదు. మధ్యాహ్నం నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి అందరి వంటిళ్లలో గిన్నెలు గలగలమన్నప్పుడు మాత్రం, అరికాళ్లతో తెలుసుకుని, "కొట్టిండ్రు" అనేవాడు.

ఆ ఇంట్లో మాట్లాడటానికి కొన్ని పద్ధతులు ఉండేవి. కాకను పిలవాలంటే కాలితో నేలను తట్టాలి. ఆయన తలెత్తేదాకా ఆగాలి. తర్వాత ఎదురుగా నిలబడి, వెలుతురు మన మొహం మీద పడేలా చూసుకుని, నోరు బాగా తెరిచి చెప్పాలి. అన్నిటికంటే పెద్ద పద్ధతి ఏమిటంటే, ఆయన ఉన్న గదిలో ఎవరూ ఆయనకు వీపు పెట్టి మాట్లాడకూడదు. చిన్నమ్మ పొయ్యి దగ్గర ఉన్నా సరే, ఒక్క మాట చెప్పాలన్నా గరిటెతో సహా ఇటు తిరిగేది. ఇది నాకెవరూ నేర్పలేదు. ఆ గడప దాటితే అలా తిరిగి మాట్లాడాలని చూసి తెలుసుకున్నాను.

అందరిలోకీ కాకకు బాగా అర్థమయ్యేది అక్క నోరే. ప, బ, మ అనే అక్షరాలు మూడూ పెదాల మీద ఒక్కలాగే ఉంటాయి కాబట్టి ఆయనకు అవి అంతగా తేలేవి కావట. నాలుక కనిపిస్తేనే మాట దొరికేది. అందుకని అక్క చిన్నప్పటి నుంచీ నాలుక చూపిస్తూ మాట్లాడటం అలవాటు చేసుకుంది. ఆమె ల అంటే నాలుక కొన పైకి లేచి పైపళ్ల వెనక ఆనడం వాకిట్లో నిలబడ్డవాళ్లకు కూడా కనిపించేది. ఆదివారం ప్రార్థనకు వాళ్లతో నేనూ అప్పుడప్పుడు వెళ్లేదాన్ని. పాస్టరు గారు వాక్యం చెబుతుంటే, అక్క తండ్రికి ఎదురుగా పక్కకు తిరిగి కూర్చుని, గొంతు లేకుండా ఆ మాటలన్నీ తన నోటితో మళ్లీ చెప్పేది. కాక పాస్టరు గారి వైపు ఒక్కసారి కూడా చూసేవాడు కాదు. కూతురి నోటి వైపే చూస్తూ ఆమెన్ అనాల్సిన చోట అందరితోపాటు అనేవాడు.

అక్క డిగ్రీ అయిపోయాక హైదరాబాదులో ఒక కాల్ సెంటరు వాళ్లు ఆమెను ఎంచుకున్నారు. ఇంగ్లండులో ఉన్న మనుషులతో ఫోనులో మాట్లాడే పని. కొన్నాళ్లు అక్కడే ఉంచుకుని నేర్పించి, ఇంటికి వెళ్లి సాధన చేసుకోమన్నారు. ఆఖరి పరీక్ష ఫోనులో పెడతామని, అందులో నిలిస్తేనే ఉద్యోగమని చెప్పారు. కాకకు ఇంక ఎక్కువ కాలం సర్వీసు లేదు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి. ఆ ఇంట్లో వేరే సంపాదన లేదు. కాబట్టి అక్క ఆ పరీక్ష గట్టెక్కడం ఎంత అవసరమో మా గోడకు ఇవతలి వాళ్లకు కూడా తెలుసు.

హైదరాబాదులో మొదటిరోజు జరిగింది అక్క నవ్వుతూ చెప్పింది. ఫోను చేతికిచ్చి మాట్లాడమంటే, ఆమె ముందు కాలితో నేలను తట్టిందట. తర్వాత కిటికీ వైపు తిరిగి, వెలుతురు మొహం మీద పడేలా నిలబడి, నోరంతా తెరిచి హలో అందట. గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేర్పించే మేడం మంచావిడే. ఫోనుకు కళ్లుండవమ్మా అని మెల్లగా చెప్పి, మిగతావన్నీ బాగున్నాయి, ల ఒక్కటి మార్చుకోవాలి, నాలుక అంత ముందుకు రాకూడదు, నోరు అంత తెరవకూడదు అందట. అలవాటు కావాలంటే ఇంట్లో తెలుగు మాట్లాడేటప్పుడు కూడా అలాగే మాట్లాడమందట.

అది ఎండాకాలం. నాకు బడి లేదు. మధ్యాహ్నాలు వాళ్లింట్లో సిమెంటు గచ్చు మీద పడుకుని, అక్క అద్దంలో నోరు చూసుకుంటూ చేసే సాధన చూస్తుండేదాన్ని. తోడుగా ఉంటానని నాకూ నేర్పింది. ల అనబోయి, అనకుండా, నాలుకను అక్కడే ఉంచి గాలి లోపలికి పీల్చమంది. నాలుకకు రెండు పక్కలా చల్లగా తగిలింది. "గదే దాని తొవ్వ. నడుమ నాలుక అడ్డం ఉన్నది కదా, గాలి పక్కలకెంచి పోతది" అంది. ఆ రోజంతా నేను ఎక్కడికి వెళ్లినా ఆ చల్లదనాన్ని పీల్చుకుంటూ తిరిగాను. అన్నేళ్లుగా నోట్లో ఉన్న నాలుక నాకు ఆ రోజే పరిచయమైనట్టు ఉంది.

ఆమె దగ్గర ఒక సీడీ ఉండేది. అందులో రకరకాల ఊళ్ల మనుషులు ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు. అక్క ఆపి ఆపి వినిపించేది. లైట్, లెటర్ అని మాట మొదట్లో వస్తే ఇంగ్లండువాళ్ల ల మన ల లాగే పలచగా ఉంటుంది. అదే బిల్, కాల్ అని చివర వస్తే, నాలుక వెనక భాగం పైకి లేచి మందంగా, గొంతులోంచి వచ్చినట్టు ఉంటుంది. అమెరికా వాళ్లకు మొదట్లో కూడా కాస్త మందమే. లండనులో కొంతమంది చివరి ల దగ్గర నాలుకను అసలు ఎక్కడా ఆనించరు. మిల్క్ అన్నప్పుడు మధ్యలో ఉ లాంటిది ఏదో వినిపించి జారిపోతుంది. వేల్స్ అనే చోట, వాళ్ల ఊళ్ల పేర్లలో గొంతు కలపకుండా ఉత్త ఊపిరిని నాలుక పక్కల నుంచి ఊదే ల ఒకటి ఉందట. అది వింటే పొయ్యి ఊదుతున్నట్టు ఉండేది. ఐర్లండులో చాలామంది మాత్రం మొదట్లోనూ చివరనూ మనలాగే పలచని ల పలుకుతారని అక్క చెప్పింది. అయితే మన ల తప్పు కాదు కదా అని అడిగాను.

"తప్పెందుకైతది. ఐర్లండోళ్లకు నడుస్తది. నాకు ఫోన్లు ఆడికెంచి రావు, గదే తిప్పలు" అంది అక్క, మళ్లీ అద్దం అందుకుంటూ.

ఆ పనిలో హలో, కాల్, బిల్, క్యాన్సిల్, హెల్ప్ అన్నీ ల లతో నిండిన మాటలే. పొద్దున లేచిన దగ్గర్నుంచి అక్క వాటినే అనేది. మెల్లమెల్లగా ఆమె ల లోపలికి వెళ్లింది. నోరు చిన్నదైంది. సీడీలో ఉన్నవాళ్లకు దగ్గరగా వస్తున్నానని ఆమెకే తెలిసేది. కానీ దాంతోపాటు తెలుగు కూడా లోపలికి వెళ్లిపోయింది. అన్నం తినేటప్పుడు కాక ఏంది అని అడగడం ఎక్కువైంది. మొదట్లో అక్క మళ్లీ చెప్పేది. రోజంతా ఒకే అక్షరంతో పెనుగులాడిన నాలుక రాత్రికి సహకరించేది కాదు. రెండోసారి చెప్పినా అలాగే వచ్చేది. అప్పుడామె ఏంలేదులే అన్నట్టు చెయ్యి ఊపేసేది. కొన్నాళ్లకు కాక అడగడం మానేశాడు. కంచంలోకి చూస్తూ తినేసి లేచేవాడు.

ఒక సాయంత్రం ఆయన గుమ్మం దగ్గర నన్ను ఆపి, "అక్క ఏమన్నది బిడ్డా?" అని అడిగాడు. ఊళ్లో ఎవరూ నా నోటి నుంచి మాట ఆశించేవాళ్లు కాదు. సిగ్గుతో గుమ్మం వెనక్కి జరిగాను. ఆయనకు గొంతుతో పని లేదని కాసేపటికి గుర్తొచ్చింది. నోరు తెరిచి, నాలుక చూపిస్తూ, చప్పుడు లేకుండా చెప్పాను, రేపు షిఫ్టుకు పోయేటప్పుడు కొత్త చెప్పులు వేసుకో అన్నది అని. ఆయన తలూపాడు. ఒక్కసారికే. నేను మొదటిసారి చెప్పింది ఒక పెద్దమనిషికి చేరడం నాకు తెలిసి అదే మొదలు. ఆ సంతోషంలో కూడా, అంత చిన్న మాట అక్క నోట్లో కాకకు దొరకలేదే అనిపించింది.

ఆ ఆదివారం ప్రార్థనలో అక్క ఎప్పటిలాగే తండ్రికి ఎదురుగా కూర్చుని పాస్టరు గారి మాటలు చెప్పసాగింది. కాక కాసేపు చూశాడు. కళ్లు చికిలించి చూశాడు. తర్వాత మెల్లగా చూపు ఎత్తి, పైన తిరుగుతున్న ఫ్యానును చూస్తూ కూర్చున్నాడు. అక్క ఇంకో రెండు వాక్యాలు చెప్పి ఆపేసింది. అందరూ ఆమెన్ అన్నప్పుడు ఆయన అనలేదు.

ఇంటికొచ్చాక అక్క నన్ను పిలిచి, రెండు చెవుల్లో దూది కూరి, వాటి మీద నా అరచేతులు పెట్టించి, కాక కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదురుగా కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమె నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఎవరింటి తలుపో గాలికి కొట్టుకుంటున్నట్టు ఉంది, లోపల ఎవరున్నారో తెలియడం లేదు. నాకేమీ అర్థం కాలేదని తల అడ్డంగా ఊపాను. ఆమె మళ్లీ చెప్పింది. మళ్లీ ఊపాను. తర్వాత ఆమె కొంచెం ఆగి, పెదాలు తడుపుకుని, తన పాత పద్ధతిలో నాలుక చూపిస్తూ చెప్పింది. ఆకలైతలేదా, అని. అవుతోందని తలూపాను. దూది తీసి, "బాపుకు గిట్లున్నదా ఇన్ని రోజులు" అంది అక్క. నాతో అనలేదు. ఊరికే అంది.

అప్పటి నుంచి రెండు నోళ్లు అలవాటు చేసుకోవాలని చూసింది. పగలు ఫోను నోరు, సాయంత్రం బాపు నోరు అనేది. అనుకున్నంత సులువు కాలేదు. ఒకటి వదిలి ఇంకొకదానిలోకి వెళ్లేసరికి రెండూ కలిసిపోయేవి. దవడలు నొప్పెడుతున్నాయని చిన్నమ్మ చేత కాపడం పెట్టించుకునేది. రానురాను సాయంత్రాలు మాట్లాడటమే తగ్గించింది. ఆ ఇంట్లో ముగ్గురూ ఎదురెదురుగా కూర్చుని, అలసిపోయి, ఊరికే ఉండేవాళ్లు.

పరీక్ష రోజు మధ్యాహ్నం మా అమ్మ కుళాయి దగ్గరికి వెళ్లి, పక్కింటి పిల్లకు ఫోను వస్తుంది, జర మెల్లగ మాట్లాడుండ్రి అని అందరికీ చెప్పి వచ్చింది. వింటారనుకోలేదు. కానీ ఆ పూట మా వీధి మొత్తం గొంతు తగ్గించుకుంది. బిందెలు కూడా చప్పుడు కాకుండా పెట్టారు. ఫోనుకు సిగ్నలు ముందు గదిలోనే బాగా వచ్చేది కాబట్టి అక్క అక్కడే నిలబడింది. నేనూ చిన్నమ్మా వంటింటి గుమ్మంలో కూర్చున్నాం. ఫోను మోగి, ఆమె మాట్లాడటం మొదలుపెట్టిన కాసేపటికి, మొదటి షిఫ్టు అయిపోయి కాక వచ్చాడు. కూతురికి పరీక్ష అని ఆయనకూ తెలుసు. చెప్పులు విడిచి, చప్పుడు చేయకుండా కుర్చీ జరుపుకుని, ఎప్పటిలాగే ఆమె నోటికి ఎదురుగా కూర్చున్నాడు.

అక్క ఆయన్ని చూసింది. చూడగానే ఆమె నోరు తెరుచుకుంది. నాలుక ముందుకొచ్చింది. అది ఆమె చేసింది కాదు, దానంతట అదే జరిగింది. అవతలి మనిషి మళ్లీ చెప్పమని అడిగినట్టుంది. అదే వాక్యం మళ్లీ చెప్పింది. మళ్లీ అలాగే వచ్చింది. మూడోసారి చెప్పే ముందు ఆమె కళ్లు మూసుకుని, వెనక్కి తిరిగి, గోడకు మొహం పెట్టింది.

చిన్నమ్మ నా భుజం పట్టుకుంది. ఆ ఇంట్లో కాకకు ఎవరైనా వీపు పెట్టి మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. ఆయన కొంతసేపు ఆ వీపు వైపు చూశాడు. జడ కదలడం, భుజాలు కదలడం చూశాడు. గోడ దగ్గర అక్క గొంతు ఇప్పుడు సీడీలో మనుషుల గొంతులా నడుస్తోంది. అది ఆయనకు తెలియదు. లేచి, మా ఇద్దరి వైపు ఒకసారి చూసి, విడిచిన చెప్పులు మళ్లీ వేసుకుని, బయట మెట్టు మీద కూర్చున్నాడు.

ఫోను అయ్యాక అక్క నుదురు గోడకు ఆనించింది. ఎట్లయింది అని చిన్నమ్మ అడిగితే, రెండు రోజుల్లో చెప్తరట అని మాత్రం అంది. తిరిగి చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. బయటికి వచ్చి కాలితో మెట్టును తట్టింది. ఆయన తలెత్తలేదు. అరికాళ్లకు తెలియకుండా ఉండదు. ఆమె మళ్లీ తట్టింది. ఎండలో, ఆయన వెనక నిలబడి, ఇంకోసారి తట్టింది. అప్పుడు ఆయన తిరిగాడు.

"గోడతోని ఏం మాట్లాడినవ్ బిడ్డా?"

అందులో నిష్ఠూరం ఉందో లేదో నాకు తెలియలేదు. తన గొంతు తనకే వినపడని మనిషి మాటలో ఎప్పుడూ ఒకే ఎత్తు ఉండేది. అక్క మెట్టు దిగి, ఎండ మొహం మీద పడేలా మట్టిలో కూర్చుంది. మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. అవతలి మనిషి తన పేరు చెప్పింది, నా పేరు అడిగింది, నేను ఇట్లా చెప్పాను అని. ఏం అడిగారో, తానేం జవాబిచ్చిందో, తెలుగులోనే కాదు, ఇంగ్లీషులో కూడా, ఒక్కొక్క మాటా తండ్రికి కనిపించేలా నాలుక పైకెత్తి మళ్లీ చెప్పింది. కాకకు ఇంగ్లీషు రాదు. అయినా ఒక మాట తేలకపోతే చెయ్యెత్తేవాడు. ఆమె ఆగి, ఆ మాటే మళ్లీ చెప్పేది. కాల్ అన్నది చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది. లోపలికి వెళ్లిన ల ను పట్టి ముందుకు లాగుతున్నట్టు ఆమె మొహమంతా బిగిసేది. పెదాలు ఎండిపోయాయి. చిన్నమ్మ నీళ్లిచ్చింది. సగంలో కాక ఆమె తల మీద చెయ్యి వేసి, "సాలు తియ్యి, అలిసినవ్. మిగిలింది రేపు చెప్పు" అన్నాడు.

"ఇయ్యాల్టిది ఇయ్యాల్నే చెప్త బాపు" అంది అక్క. ఇంకో గుక్క నీళ్లు తాగి, ఆపిన చోటు నుంచి అందుకుంది.

ఆఖరి మాట దాకా చెప్పింది. థాంక్యూ అని ఫోను పెట్టేయడం దాకా. ఆయన తలుపులోంచి లోపలి గోడ వైపు చూశాడు. తర్వాత, "అయితే గోడకు మంచిగనే చెప్పినవ్" అన్నాడు. అక్క నవ్వబోయి, నవ్వడానికి కూడా నోరు రాక, మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

ఆమెకు ఉద్యోగం వచ్చింది. హైదరాబాదు వెళ్లిపోయింది. రోజూ ఎందరితోనో ఫోనులో మాట్లాడే మనిషి, తండ్రితో మాత్రం ఫోనులో మాట్లాడలేకపోయేది. సెలవు దొరికినప్పుడు రైలు దిగి వచ్చి, నిద్ర చాలని కళ్లతో ఆ మెట్టు దగ్గరే కూర్చుని, అన్ని రోజుల సంగతులూ మొదటి నుంచి చెప్పేది. ఒక్కొక్కసారి ఆమె చెబుతూ చెబుతూ కునికిపాటు పడేది. కాక ఆగి, ఆమె కళ్లు తెరిచేదాకా చూస్తూ కూర్చునేవాడు. తర్వాత ఆయన రిటైరయ్యి, వాళ్లు క్వార్టరు ఖాళీ చేసి రామకృష్ణాపూర్ వైపు వెళ్లిపోయారు. మళ్లీ కలవలేదు.

నేనిప్పుడు ఒక బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. నా గొంతు పెరగలేదు. చివరి పీరియడ్‌కు అది కూడా ఉండదు. చెప్పింది మళ్లీ చెప్పడం ఎంత అలసటో ఈ పనిలోకి వచ్చాక తెలిసింది. మళ్లీ చెప్పమని ఎవరైనా అడిగితే ముందు నాకు విసుగే వస్తుంది, అది ఇప్పటికీ పోలేదు. కానీ బోర్డు వైపు తిరిగి ఉండగా నా నోటి నుంచి మాట రాదు. రాయడం ఆపుతాను, తిరుగుతాను, అప్పుడు చెబుతాను. దీనివల్ల పాఠం ఆలస్యమవుతుందని తోటి టీచర్లు అంటారు. నిజమే, అవుతుంది. ఈ రోజు చివరి బెంచీ పిల్ల ఒకే వాక్యం మూడుసార్లు అడిగింది. మూడుసార్లు చెప్పేసరికి బెల్లు కొట్టేశారు, మిగతా పిల్లలు సంచులు తగిలించుకుని వెళ్లిపోయారు. ఆమె ఇంకా నా నోటి వైపే చూస్తూ కూర్చుంది. సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఆమె ఎదురుగా బెంచీ మీద కూర్చుని, ఇంకోసారి చెప్పాను.